తరగతిలో అన్నిటికన్నా పాత ఫోను

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల కాలేజీల్లో పనిచేస్తున్న తెలుగు అధ్యాపకులు ఉచిత ఆన్‌లైన్ వనరుల గురించి అడిగిన ప్రశ్నలివి. ఏ సాధనం ఎంచుకునే ముందైనా ఒక్కటి తేల్చుకోండి: మీ తరగతిలో అన్నిటికన్నా పాత ఫోను ఎవరిది, అందులో ఇది తెరుచుకుంటుందా? తెరుచుకోకపోతే ఆ పిల్లవాడిని పాఠం బయట నిలబెట్టినట్టే. కింది జవాబులన్నీ ఆ లెక్క మీదే రాశాం.

ప్రశ్న: మా సెకండియర్‌లో 64 మంది. నోట్సు, బొమ్మలు, అసైన్‌మెంట్లు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే నడుస్తున్నాయి. పరీక్షలు దగ్గర పడితే "మేడమ్, ఆ పీడీఎఫ్ మళ్లీ పంపండి" అని ఒకటే ఫోన్లు. పిల్లలు పంపిన ఫోటోల్లో ఏది ఎవరిదో తెలియడం లేదు. డబ్బు కట్టనక్కరలేని మార్గం చెప్పండి.
— బోటనీ అధ్యాపకురాలు, పర్లాకిమిడి

జవాబు: వాట్సాప్ కబురు చెప్పడానికి మంచిది, కాగితాలు దాచుకోవడానికి కాదు. కబురు అక్కడే ఉంచి, కాగితాలను గూగుల్ క్లాస్‌రూమ్‌లోకి మార్చండి. ముందు ఆఫీసులో అడగండి, కాలేజీ పేరు మీద గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ ఉందా అని. విద్యాసంస్థలకు దాని ప్రాథమిక ఎడిషన్ ఉచితం, సంస్థ మొత్తానికీ కలిపి 100 టీబీ చోటు ఇస్తారు. లేకపోయినా ఫరవాలేదు, మామూలు జీమెయిల్‌తోనూ క్లాసు తెరవవచ్చు. ఒక క్లాసులో అధ్యాపకులతో కలిపి 250 మంది దాకా చేరవచ్చు కాబట్టి మీ 64 మందికి చాలు. కాకపోతే సొంత జీమెయిల్ వాడకండి. పాఠాల కోసమే ఒక కొత్త ఖాతా తెరవండి. అందులో వచ్చే 15 జీబీ మీ ఇంటి ఫోటోలతో నిండిపోదు.

క్లాసు తెరిచాక వచ్చే కోడ్‌ను బోర్డు మీద రాయండి. మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. చాలామంది ఫోన్లలో నాన్నదో అన్నదో జీమెయిల్ కూడా ఉంటుంది. పిల్లలు దానితోనే చేరిపోతారు, మీకు జాబితాలో ఎవరో తెలియని పేరు కనిపిస్తుంది. అందుకని మొదటి రోజు పాఠం పెట్టకుండా, పేరు, రోల్ నంబరు రాసి పంపమని ఒక చిన్న పని ఇవ్వండి. తేడా వచ్చినవాళ్లను ఆ రోజే తీసేసి సరైన ఖాతాతో చేర్చుకోండి. రెండో చిక్కు: క్లాసు కాలేజీ ఖాతాతో తెరిచి, పిల్లలు సొంత జీమెయిల్‌తో రావాలని చూస్తే చేరనివ్వదు. కాలేజీ అడ్మిన్ బయటి ఖాతాలకు అనుమతి ఇవ్వాలి, లేదా పిల్లలందరికీ కాలేజీ మెయిల్ ఇవ్వాలి.

లోపల యూనిట్ల వారీగా టాపిక్‌లు పెట్టి, ఫైళ్ల పేర్లు 01, 02 అని అంకెతో మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో స్ట్రీమ్ (అందరికీ కనిపించే ప్రకటనల పేజీ) మీద అధ్యాపకులు మాత్రమే రాసేలా మార్చండి. మార్చకపోతే అది ఇంకో వాట్సాప్ గ్రూపు అయిపోతుంది.

అసైన్‌మెంటుకు మీరు ఒక గూగుల్ డాక్ జతచేస్తే పక్కన మూడు ఎంపికలు కనిపిస్తాయి: విద్యార్థులు చూడవచ్చు, దిద్దవచ్చు, ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ. పొరపాటున రెండోది నొక్కితే 64 మందీ ఒకే కాగితం మీద రాస్తారు. మూడోది నొక్కాలి. పని ఇచ్చేశాక దీన్ని మార్చుకునే వీలుండదు కాబట్టి ముందే చూసుకోండి.

చేతిరాత అసైన్‌మెంట్లకు ఫోటోలు వద్దనండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లో కెమెరా గుర్తు నొక్కితే స్కాన్ అవుతుంది. ఆరు పేజీలు వరసగా తీస్తే ఒకే పీడీఎఫ్‌గా వస్తుంది, నీడలు పోతాయి, సైజు కూడా చాలా తగ్గుతుంది. ఫైలు జతచేశాక చాలామంది ‘టర్న్ ఇన్’ నొక్కడం మరిచిపోతారు. కొన్ని ఫోన్లలో అది ‘హ్యాండ్ ఇన్’ అని ఉంటుంది. "పంపాను మేడమ్" అనే పిల్ల నిజమే చెబుతోంది, ఫైలు ఆమె వైపే ఆగిపోయింది. అలాగే మీరు మార్కులు వేసి ‘రిటర్న్’ నొక్కేదాకా అవి పిల్లలకు కనబడవు. సెమిస్టర్ అయ్యాక క్లాసును డిలీట్ చేయకండి, ఆర్కైవ్ చేయండి. వచ్చే ఏడాది అదే క్లాసును కాపీ చేసుకుంటే టాపిక్‌లు, అసైన్‌మెంట్లు వచ్చేస్తాయి, పిల్లల పేర్లు రావు.

ప్రశ్న: చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే మా పిల్లలకు ఇంటి దగ్గర నెట్ సరిగా అందదు. కాలేజీలో ఒక కనెక్షను, ఒక ప్రొజెక్టరు ఉన్నాయి. ఫిజిక్స్ ల్యాబ్‌లో పరికరాలు తక్కువ. నెట్ లేకుండా వాడుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?
— భౌతికశాస్త్ర అధ్యాపకుడు, సిరొంచ

జవాబు: ఉన్నాయండి. మీకు మొదట చెప్పవలసింది ఫెట్ సిమ్యులేషన్ల గురించి, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు. 2001లో నోబెల్ బహుమతి అందుకున్న భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని ఇది. ఒక్కో ప్రయోగం ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలు. కాలేజీ కనెక్షన్ మీద ఒకసారి దించుకుంటే ఇక నెట్ అక్కరలేదు. ప్రతి సిమ్యులేషన్ పేజీలో అనువాదాల భాగం ఉంటుంది. తెలుగు, మరాఠీ ఎందులో ఉన్నాయో చూసి ఆ భాషలోనే దించుకోండి.

ఫైలును పిల్లల ఫోన్లలోకి క్విక్ షేర్‌తోనో, పెన్ డ్రైవ్‌తోనో, మెమరీ కార్డుతోనో ఎక్కించండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపాలి. ఫోనులో దాన్ని నొక్కగానే కొన్నిసార్లు ‘హెచ్‌టీఎంఎల్ వ్యూయర్’ తెరుచుకుని తెల్ల తెర కనిపిస్తుంది. ఫైలు పాడయిందనుకోకండి. ‘ఓపెన్ విత్’ నొక్కి క్రోమ్‌ను ఎంచుకోవాలి.

మొదటి పాఠానికి డీసీ సర్క్యూట్ కిట్ తీసుకోండి. అందులో బ్యాటరీ మామూలుగా 9 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు ఉంటాయి. ఒక బల్బు, ఒక అమ్మీటరు పెట్టిస్తే 0.9 ఆంపియర్ చూపిస్తుంది. రెండో బల్బును శ్రేణిలో కలపబోయే ముందు ఆపండి. ఎంత చూపిస్తుందో ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రాయాలి, ఆ తర్వాతే కలపాలి. 0.45 వస్తుంది. ఇప్పుడు సమాంతరంగా మార్చమనండి. ఒక్కో బల్బులో మళ్లీ 0.9, బ్యాటరీ దగ్గర మాత్రం 1.8. "రెండు బల్బులకు కరెంటు సగం సగం పంచుకుంటుంది" అని రాసినవాళ్లంతా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. అంచనా రాయించకుండా తెర చూపిస్తే అది బొమ్మల ఆటగానే మిగులుతుంది.

రెండు సంగతులు మీరు నోటితో చెప్పాలి. ఆ తెర మీద మొదట కనిపించే చుక్కలు ఎలక్ట్రాన్లు, మన పుస్తకాల్లో బాణం గుర్తు దానికి ఎదురుగా ఉంటుంది. పక్కన ‘కన్వెన్షనల్’ అనే ఎంపిక నొక్కితే పుస్తకంతో కలుస్తుంది. రెండోది, నిజమైన బల్బులో ఫిలమెంటు వేడెక్కే కొద్దీ నిరోధం పెరుగుతుంది కాబట్టి ల్యాబ్‌లో రీడింగు ఇంత చక్కగా రాదు. అమ్మీటరును నేరుగా బ్యాటరీకి అడ్డంగా పెడితే తెర మీద మంట వస్తుంది. ఆ తప్పు అక్కడే చేయనివ్వండి. ల్యాబ్‌లో ఉన్న ఆ ఒక్క అమ్మీటరూ మిగులుతుంది.

చదువుకోవడానికి కీవిక్స్ ఉంది. వికీపీడియా లాంటి వాటిని మొత్తంగా ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదివించే ఉచిత ప్రోగ్రాం. తెలుగు వికీపీడియా కూడా దొరుకుతుంది. బొమ్మలు లేని ఫైలు బాగా చిన్నది. కాలేజీ ల్యాప్‌టాప్‌లో పెట్టి అందులోని ‘లోకల్ సర్వర్’ ఆన్ చేస్తే తెర మీద ఒక చిరునామా వస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోన్లన్నిటిలో ఆ చిరునామా కొడితే పేజీలు తెరుచుకుంటాయి. విండోస్ హాట్‌స్పాట్‌కు ఎనిమిది ఫోన్లే కలుస్తాయి, పైగా ల్యాప్‌టాప్‌కు నెట్ లేకపోతే చాలాసార్లు హాట్‌స్పాట్ ఆన్ కానే కాదు. మామూలు వైఫై రౌటర్ ఒకటి, నెట్ తీగ లేకుండా, కరెంటు ఇచ్చి పెట్టుకోండి. పేజీ రావడం లేదని పిల్లలు అంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఈ వైఫైలో నెట్ లేదని గమనించి ఫోను తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోయి ఉంటుంది. డేటా ఆపేయమనండి.

వర్చువల్ ల్యాబ్స్ కేంద్ర విద్యాశాఖ నడిపిస్తున్న ఉచిత ప్రయోగశాల. ఐఐటీలు, ఇతర సంస్థలు కలిసి చేశాయి. బాగుంటుంది కానీ నెట్ కావాలి, కాబట్టి ప్రొజెక్టరు మీద చూపించడానికి పెట్టుకోండి.

ప్రశ్న: పదేళ్లుగా టైపు చేయించిన నోట్సంతా అను ఫాంట్లలో ఉంది. పిల్లలకు పంపితే ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయట. మళ్లీ టైపు చేయించాలా? తెలుగు సాహిత్యానికి నమ్మదగిన ఉచిత వనరులు ఏవి?
— తెలుగు అధ్యాపకుడు, బరంపురం

జవాబు: మళ్లీ టైపు చేయించనక్కరలేదండి. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను గీసి పెట్టుకున్నవి. ఆ ఫాంటు లేని ఫోనుకు కింద ఉన్న ఇంగ్లీషు గుర్తులే తెలుస్తాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంది, అందుకే ఏ ఫోనులోనైనా చదవవచ్చు. వెతికితే మాట దొరుకుతుంది కూడా. అను ఫైలులో "విశ్వనాథ" అని వెతకండి, దొరకదు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక పేజీ మార్చి చూడండి. వత్తులు తారుమారైతే కన్వర్టరులో ఫాంటు ఎంపిక తప్పయి ఉంటుంది, మీ ఫైలు ఏ ఫాంటులో ఉందో చూసి మళ్లీ మార్చండి.

సాఫ్ట్ కాపీ పోయి కాగితమే మిగిలిన నోట్సుకు గూగుల్ డాక్స్ చాలు. పేజీని 300 డీపీఐలో, వంకర లేకుండా స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటరులో దాని మీద కుడి బటన్ నొక్కి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే పైన బొమ్మ, కింద అక్షరాలు వస్తాయి. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి. లావు పుస్తకమైతే నాలుగైదు పేజీల ముక్కలు చేసుకోండి. రెండు కాలమ్‌ల పేజీ అయితే వాక్యాలు కలగలిసిపోతాయి, ఒక్కో కాలమ్‌ను విడిగా కత్తిరించాలి. అనులో చేసిన పీడీఎఫ్‌ను మాత్రం అలాగే పెట్టకండి. అది బొమ్మను చదవకుండా లోపల దాగిన గుర్తులనే తీసుకుని మళ్లీ ఆ చెత్తే ఇస్తుంది. పేజీని జేపీజీ బొమ్మగా మార్చి పెట్టండి.

వచ్చిన పాఠాన్ని దిద్దక తప్పదు. ‘ప’కు ‘వ’, ‘ష’కు ‘ప’, ‘మ’కు ‘య’ పడడం తరచూ జరుగుతుంది. పాత అచ్చులో అరసున్న ఎగిరిపోతుంది, బండి ‘ఱ’ పొరబాటుగా వస్తుంది. పద్యాల్లో పాదాలు విరిగిపోతాయి. ఒక పిల్లవాడు పైకి చదువుతుంటే ఇంకొకడు దిద్దాలి, ఒంటరిగా దిద్దితే కన్ను తనకు తెలిసిన మాటనే చూస్తుంది. ఇది పిల్లలకు లిపి మీద, ఛందస్సు మీద మంచి సాధన కూడా. అందంగా అచ్చు వేసుకోవడానికి మండలి, సూరన్న, పొన్నాల, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి.

వనరుల్లో మొదట ఆంధ్రభారతి పేరు చెప్పాలి. ఒక మాట కొడితే బ్రౌణ్య నిఘంటువుతో సహా చాలా నిఘంటువుల అర్థాలు ఒక్కచోట చూపిస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో పాఠం పక్కనే పుస్తకం స్కాన్ ఉంటుంది, అనుమానం వస్తే అక్కడికక్కడ పోల్చుకోవచ్చు. నెట్‌లో తిరిగే మిగతా పద్యపాఠాలకు ఆ ఆధారం ఉండదు, అందుకే దీన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాం. పాత పుస్తకాల స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో, నేషనల్ డిజిటల్ లైబ్రరీలో వెతకండి. పరిశోధన చేసే పిల్లలను శోధగంగకు పంపండి. అక్కడ పీహెచ్‌డీ గ్రంథాలు అధ్యాయాల వారీగా విడి పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి, మొత్తం దించుకోనక్కరలేదు.

ప్రశ్న: నెట్‌లో దొరికిన పుస్తకాల పేజీలు, బొమ్మలు నా నోట్సులో పెట్టుకోవచ్చా? తప్పవుతుందా?
— కామర్స్ అధ్యాపకురాలు, రాయగడ

జవాబు: క్లాసులో బోధనకు వాడుకోవడం వేరు, అందరికీ కనిపించేలా పెట్టడం వేరు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు, విద్యార్థి చేసుకునే ప్రతులకు మినహాయింపు ఇస్తోంది. అదే పేజీలను యూట్యూబ్‌లోనో, అందరూ చూసే వెబ్‌సైటులోనో పెడితే ఆ మినహాయింపును నమ్ముకోలేరు.

నిశ్చింతగా ఉండాలంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నవి వాడండి. ‘బీవై’ అంటే మూలం పేరు చెప్పాలి. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు. ‘ఎస్ఏ’ అంటే మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. ‘ఎన్‌డీ’ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది కాబట్టి ‘ఎన్‌డీ’ ఉన్న పాఠాన్ని తెలుగు చేసి పంచలేరు. మీ సబ్జెక్టుకు రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ చూడండి. అకౌంటింగ్, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్, స్టాటిస్టిక్స్ పుస్తకాలు పూర్తిగా ఉచితం. అందులో ఉదాహరణలు డాలర్లలో, అమెరికా పన్నుల లెక్కలో ఉంటాయి. సూత్రాలు అక్కడివి తీసుకుని, లెక్కలు జీఎస్‌టీతో మీరే వేయండి.

పాత తెలుగు పుస్తకాలకు లెక్క సులువు. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో పోయారు, కాబట్టి ఆయన జీవించి ఉండగా అచ్చయిన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి.

ప్రశ్న: స్వయంలో (కేంద్ర ప్రభుత్వ ఉచిత ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సు చేస్తే మా పిల్లలకు క్రెడిట్లు కలుస్తాయా? ఎలా మొదలుపెట్టాలి?
— డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, రాజురా

జవాబు: కలుస్తాయి, కానీ దానంతటది కలవదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఒక ప్రోగ్రాంకు ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం కోర్సులను అనుమతించవచ్చు. ఏ కోర్సు దేనికి బదులో నిర్ణయించేది విశ్వవిద్యాలయం. మీరు గోండ్వానా విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తారు కాబట్టి పిల్లలు చేరకముందే ఆ కోర్సుకు అక్కడ ఆమోదం ఉందో లేదో రాతలో తెలుసుకోండి. కోర్సు పూర్తయ్యాక అడిగితే సర్టిఫికెట్ మిగులుతుంది, క్రెడిట్ రాదు.

చేరడం, చదవడం ఉచితం. పరీక్ష రాయాలంటేనే రుసుము. ఎన్‌పీటీఈఎల్ (స్వయంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే విభాగం) కోర్సుల్లో 4 వారాలదానికి 1 క్రెడిట్, 8 వారాలకు 2, 12 వారాలకు 3 సిఫారసు చేస్తారు. వారం వారం అసైన్‌మెంట్లకు 25, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే 25లో 10, 75లో 30 విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు, కాబట్టి ఒక వారం జారిపోతే వదిలేయవద్దని చెప్పండి. మొదటి రెండు వారాల గడువు దాటిపోయి మానేసేవాళ్లే ఎక్కువ. కాలేజీని ఎన్‌పీటీఈఎల్ లోకల్ చాప్టర్‌గా నమోదు చేస్తే ఎవరు ఎక్కడ ఆగారో మెంటరుకు తెలుస్తుంది. చాలా కోర్సుల ప్రసంగపాఠాలు తెలుగు, మరాఠీ అనువాదాల్లోనూ ఉచితంగా ఉన్నాయి.

మన పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా రాసుకుంటారు, మహారాష్ట్ర మార్కుల మెమోలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు వరసగా ఉంటాయి. ఆధార్‌లో మూడో రకం. క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో ఉన్న పేరు, స్వయం ప్రొఫైల్‌లో పేరు అక్షరం అక్షరం ఒకటిగా ఉండాలి. ఇది చేరిన రోజే చూసుకోవాలి, సర్టిఫికెట్ అచ్చయ్యాక మార్పించడం కష్టం.

ప్రశ్న: గూగుల్ ఫారంతో బిట్ల పరీక్ష పెడితే అందరికీ 20కి 20. ఒకరు చేసి గ్రూపులో పెట్టేస్తున్నారు.
— కాశీనగర్

జవాబు: ఫారం సెట్టింగ్స్‌లో క్విజ్‌గా మార్చాక మార్కులు ‘తర్వాత విడుదల’ అని పెట్టండి, ప్రశ్నల వరస, జవాబుల వరస కలిపేయమనండి. ఒక్కసారే పంపేలా చేయాలంటే పిల్లలు జీమెయిల్‌తో లాగిన్ కావాలి. ఇవన్నీ కాపీని కొంచెం కష్టం చేస్తాయంతే. ఫారంలో టైమరు కూడా లేదు.

అసలు మందు ప్రశ్నలోనే ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వచ్చేలా అడగండి: "9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బు, దానితో శ్రేణిలో మీ రోల్ నంబరు చివరి అంకె ఎంతో అన్ని ఓమ్‌ల నిరోధం కలిపారు. విద్యుత్ ప్రవాహం ఎంత?" 47వ నంబరుకు 9ని 17తో భాగిస్తే 0.53 ఆంపియర్ వస్తుంది, 42కు 0.75. జవాబులు షీట్‌లో పడ్డాక ఒక కాలమ్‌లో ఇదే భాగహారం సూత్రంగా పెట్టి, 0.01 తేడా దాకా సరైనదిగా ఒప్పుకోండి. పక్కవాడి జవాబు ఇక పనికిరాదు. పనికొచ్చేది పద్ధతే, దాన్ని అడిగి నేర్చుకుంటే మనకు కావలసింది అదే కదా.

ప్రశ్న: మా పిల్లల ఇళ్లలో తెలుగు, ఒడియా, సవర మాటలు కలిసే ఉంటాయి. వాళ్లందరిచేత ఒక పదకోశం చేయించాలని ఉంది. గూగుల్ షీట్ ఇస్తే ఒకరిది ఇంకొకరు చెరిపేశారు.
— గుణుపురం

జవాబు: మంచి పని తలపెట్టారు. షీట్‌ను నేరుగా పిల్లలకు ఇవ్వకండి. ఒక ఫారం ఇవ్వండి: మాట, అర్థం, ఏ ఊరిలో విన్నారు, ఆ మాటతో ఒక వాక్యం, ఒడియాలో ఏమంటారు, ఎవరు చెప్పారు అంటే పేరు కాకుండా వయసు, స్త్రీయా పురుషుడా అన్నంత వరకే. ఊరి పేరు టైపు చేయించకుండా జాబితాలో ఎంచుకునేలా పెట్టండి, లేకపోతే ఒకే ఊరు నాలుగు స్పెల్లింగుల్లో వస్తుంది. ఒక్కో జవాబు షీట్‌లో ఒక్కో వరసగా పడుతుంది, ఎవరిదీ ఎవరూ ముట్టుకోలేరు. షీట్‌ను పిల్లలకు చూడడానికి, వ్యాఖ్య రాయడానికి మాత్రమే తెరవండి. అకారాది క్రమంలో పెట్టేటప్పుడు ఒక్క కాలమ్‌ను ఎంచుకుని సార్ట్ చేస్తే మాట ఒకచోట, అర్థం ఇంకోచోట పడుతుంది. మొత్తం షీట్‌ను ఎంచుకోవాలి. పొరపాటు జరిగితే కంగారు పడకండి, ఫైల్ మెనూలో ‘వెర్షన్ హిస్టరీ’ తెరిచి నిన్నటి రూపానికి వెళ్లవచ్చు.

సవర మాటలను ఏ లిపిలో రాయాలో మొదలుపెట్టకముందే ఆ పిల్లలతో మాట్లాడి తేల్చుకోండి. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది. ఫోనులో డబ్బాలుగా కనిపిస్తే నోటో సాన్స్ సోరా సొంపెంగ్ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. లిపితో పాటు ఉచ్చారణ కూడా రికార్డు చేయించండి, రాతలో పట్టుబడనిది గొంతులో దొరుకుతుంది.

ప్రశ్న: ఉచిత మీటింగు మధ్యలో ఆగిపోతోంది. జామ్‌బోర్డ్ కూడా తెరుచుకోవడం లేదు.
— జయపురం

జవాబు: ఉచిత జూమ్ 40 నిమిషాలకు ఆగుతుంది, ముగ్గురు గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ ఉంటే ఉచిత గూగుల్ మీట్ 60 నిమిషాలకు. పాఠాన్ని 35 నిమిషాలకు కుదించి, సందేహాలకు అదే లింకుతో మళ్లీ కలవండి. తెర మీద గీసుకునే బోర్డు అయిన జామ్‌బోర్డ్‌ను గూగుల్ 2024 డిసెంబరు 31తో మూసేసింది. బదులుగా ఎక్స్‌కాలిడ్రా వాడండి, ఖాతా లేకుండానే తెరుచుకుంటుంది. గీసినదాన్ని పీఎన్‌జీగా దించి క్లాస్‌రూమ్‌లో పెట్టేయండి, బ్రౌజరు శుభ్రం చేస్తే బొమ్మ పోతుంది.

ప్రశ్న: కిన్వట్, ఆదిలాబాద్ కాలేజీల నుంచి ముగ్గురం కలిసి ప్రశ్నల బ్యాంకు తయారు చేస్తున్నాం, ఒక వ్యాసమూ రాస్తున్నాం. ఫైళ్లు మెయిల్లో అటూ ఇటూ తిరిగి ఏది తాజాదో తెలియడం లేదు.
— కెమిస్ట్రీ అధ్యాపకురాలు, కిన్వట్

జవాబు: ఒకే గూగుల్ డాక్ పెట్టుకుని, ఇకమీదట ఫైలు మెయిల్లో పంపకూడదని ముగ్గురూ ఒప్పుకోండి. ఒకరి రాత ఇంకొకరు దిద్దేటప్పుడు పైన కుడివైపు ‘సజెస్టింగ్’కు మార్చుకుంటే దిద్దుబాట్లు రంగులో కనిపిస్తాయి, రాసినవారు ఒప్పుకుంటేనే చేరతాయి. రెఫరెన్సులకు జొటేరో ఉచితం. ముగ్గురూ ఒక గ్రూపు లైబ్రరీ పెట్టుకోవచ్చు. ఫైళ్లకు 300 ఎంబీ చోటే ఉంటుంది కాబట్టి పీడీఎఫ్‌లు డ్రైవ్‌లో ఉంచి, జొటేరోలో వివరాలు మాత్రమే పెట్టండి.

ప్రశ్నల బ్యాంకుకు ‘లింకు ఉన్న ఎవరైనా’ అనే ఎంపిక పెట్టకండి. ఆ లింకు ఒక్కసారి గ్రూపులో జారితే బ్యాంకు మొత్తం పోయినట్టే. ముగ్గురి మెయిళ్లు విడివిడిగా చేర్చండి. ఒక్కో ప్రశ్నకు యూనిట్, మార్కులు, కష్టం స్థాయి, ఎప్పుడు వాడారు అనే నాలుగు కాలమ్‌లు ఉంటే పేపరు కూర్చడం అరగంట పని.

ఇంకొకటి, ఫైలు ఎవరి ఖాతాలో పుట్టిందో వాళ్లదే. కాలేజీ మెయిల్‌తో మొదలుపెట్టి, ఆ ఉద్యోగి బదిలీ అయి ఖాతా మూసేస్తే మిగతా ఇద్దరి పనీ దానితో పోతుంది. రెండేళ్లు తెరవని సొంత ఖాతాలను కూడా గూగుల్ తీసేయవచ్చు. ప్రతి సెమిస్టర్ చివర మొత్తాన్ని వర్డ్, ఎక్సెల్ ఫైళ్లుగా దించి ముగ్గురి పెన్ డ్రైవ్‌లలో ఒక్కో ప్రతి ఉంచుకోండి. ఫైలు పేరు చివర నెల, సంవత్సరం వేయండి.